పక్షవాతం తర్వాత ఆయాసం: ఆక్సిజన్ మిషనా, బంతుల పరికరమా, ఫిజియోనా? ఎవరికి ఏది?

"మా నాయనకు ఆక్సిజన్ మిషన్ కొనమంటారా మేడమ్?"

పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న కొన్నాళ్లకు చాలా ఇళ్లలో ఈ ప్రశ్న వస్తుంది. అప్పటిదాకా అందరి ధ్యాసా కాలు ఎప్పుడు లేస్తుంది, చెయ్యి ఎప్పుడు స్వాధీనంలోకి వస్తుంది అన్నదాని మీదే. ఒక రాత్రి ఆయన ఛాతీలో గురగుర వినిపిస్తుంది. నాలుగు మాటలు మాట్లాడేసరికి ఆయాసపడతాడు. ఇక ఇంటిల్లిపాదికీ టెన్షన్. నెల్లూరు పొగతోటలో సర్జికల్ షాపుకు వెళితే ఆక్సిజన్ మిషన్, మందును ఆవిరిలా పీల్పించే నెబులైజర్, మూడు బంతుల పరికరం, కఫం లాగే సక్షన్ మిషన్ అన్నీ దొరుకుతాయి. డబ్బు చేతిలో ఉంటే ఖరీదైనది కొంటారు, లేకపోతే అప్పు చేసి కొంటారు.

ఇళ్లకు వెళ్లి పక్షవాతం రోగుల చేత వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టుగా నేను చెప్పేది ఒకటే. ఏది కొనాలో తేల్చుకునే ముందు, ఊపిరి ఎందుకు ఆడటం లేదో తేల్చుకోండి. ఆయాసం పైకి ఒకలాగే కనిపిస్తుంది కానీ వెనక ఉండే కారణాలు వేరు. ఒకరికి బాగా పనికొచ్చిన పరికరం ఇంకొకరికి దండగ, మరొకరికి ప్రమాదం.

ముందు కారణం తెలియాలి

పక్షవాతం అంటే కాలూ చెయ్యీ పడిపోవడమే అని అనుకుంటాం. అదే వైపు ఛాతీ కండరాలు, పొట్ట కండరాలు, ఊపిరి లోపలికి లాగే డయాఫ్రమ్ కూడా బలహీనపడతాయి. ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, వాటిని ఆడించే కండరాలకు మెదడు నుంచి ఆజ్ఞ సరిగా అందదు. బోరు మోటరు బాగానే ఉన్నా కరెంటు చాలకపోతే నీళ్లు పడనట్టే. ఇలాంటి మనిషికి కూర్చుంటే పరవాలేదు, నాలుగడుగులు వేస్తేనో గట్టిగా మాట్లాడితేనో ఆయాసం వస్తుంది. దగ్గు కూడా సత్తువ లేకుండా, గొంతు సవరించుకున్నట్టు వస్తుంది.

రెండో కారణం మింగుడు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది ఇదే. స్ట్రోక్, అంటే పక్షవాతం, వచ్చిన తొలి రోజుల్లో దాదాపు సగం మందికి మింగడం ఏదో ఒక మేరకు దెబ్బతింటుంది. అన్నం, నీళ్లు, చివరికి సొంత లాలాజలం కూడా ఆహారనాళంలోకి వెళ్లకుండా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. అక్కడ న్యుమోనియా మొదలవుతుంది. పక్షవాతం రోగుల మరణాలకు ముఖ్య కారణాల్లో ఈ న్యుమోనియా ఒకటి. కొందరికి పొలమారదు, దగ్గు రాదు, ఏ చప్పుడూ లేకుండానే లోపలికి దిగిపోతుంది. "మా అమ్మకు పొలమారట్లేదు కదా" అని నిశ్చింతగా ఉండలేం, అందుకే.

మూడోది కఫం. గళ్ళ ఊరుతుంది కానీ దగ్గి బయటికి తెచ్చే బలం ఉండదు. నాలుగోది నిద్రలో ఊపిరి ఆగడం. స్ట్రోక్ వచ్చినవాళ్లలో సగానికి పైగా ఈ సమస్య ఉంటుంది, దాన్ని పట్టించుకునే ఇళ్లు మాత్రం చాలా తక్కువ.

మన ప్రాంతంలో ఐదో కారణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. స్ట్రోక్‌కు ముందే పాడైన ఊపిరితిత్తులు. మార్కాపురం వైపు పలకల పనిలో, చీమకుర్తి వైపు గ్రానైట్ పనిలో ఏళ్ల తరబడి రాతి దుమ్ము పీల్చినవాళ్లు ఉన్నారు. ఒకప్పుడు గూడూరు చుట్టుపక్కల మైకా గనుల్లో పనిచేసిన పెద్దవాళ్లు ఉన్నారు. చుట్ట, బీడీ తాగినవాళ్లు, కట్టెల పొయ్యి దగ్గర జీవితమంతా గడిపిన ఆడవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఈ సంగతి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. కింద ఆక్సిజన్ దగ్గరికి వచ్చినప్పుడు ఇది ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది.

ఇంకొకటి. ఉన్నట్టుండి ఆయాసం వచ్చి, ఛాతీలో నొప్పి పుట్టి, కదలని కాలు వాచి ఉంటే అది కాలి రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి చేరడం కావచ్చు. దానికి పోలికలూ ఎంపికలూ లేవు, 108కి ఫోన్ చేయడమే. పెదాలు నీలంగా మారినా, మనిషి మత్తుగా పడిపోయినా, కూర్చుని ఉండి కూడా నిమిషానికి 25 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, జ్వరంతో కలిపి ఆయాసం వచ్చినా అంతే.

ఇంట్లోనే పసిగట్టే సంగతులు

తిన్న తర్వాత గొంతు తడితడిగా, నీళ్లు పుక్కిలిస్తూ మాట్లాడినట్టు మారితే మింగుడు అనుమానించాలి. భోజనానికి గంట పట్టడం, అన్నం బుగ్గలో ఉండిపోవడం, రెండు మూడు రోజులకోసారి సన్న జ్వరం రావడం, ఇవీ దాని గుర్తులే.

మాట వచ్చే మనిషైతే ఒక్క ఊపిరిలో ఎంత దాకా అంకెలు లెక్కపెట్టగలడో చూడండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ముప్పై దాకా తేలిగ్గా వెళతారు. పదిహేను దాటలేకపోతుంటే ఊపిరి కండరాలు బాగా బలహీనంగా ఉన్నాయనుకుని డాక్టరుకు చెప్పాలి. మాట పడిపోయినవాళ్లకు ఈ పరీక్ష పనికిరాదు. వాళ్లకు దగ్గు బలాన్ని బట్టి చూడాలి. ఫిజియో దగ్గర పీక్ ఫ్లో మీటర్ ఉంటే అందులో దగ్గించి కొలుస్తారు. నిమిషానికి 160 లీటర్ల కంటే తక్కువ వస్తే ఆ దగ్గు కఫాన్ని బయటికి తేలేదని లెక్క.

రాత్రి గురక పెడుతూ పెడుతూ మధ్యలో నిశ్శబ్దమై, మళ్లీ ఉలిక్కిపడ్డట్టు ఊపిరి తీస్తుంటే ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి. డాక్టరుకు పది మాటల కంటే అదే బాగా చెబుతుంది.

ఆక్సిజన్ మిషన్, నెబులైజర్: చాలామందికి అవసరం లేనివి

ఆక్సిజన్ అనే మాటలోనే ఒక ధైర్యం ఉంది. కోవిడ్ రోజులు చూసినవాళ్లకు మరీను. కానీ కండరాల బలహీనతతో వచ్చే ఆయాసానికి ఆక్సిజన్ మందు కాదు. బ్రిటన్‌లో 8,000 మందికి పైగా స్ట్రోక్ రోగుల మీద జరిగి 2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఆక్సిజన్ తగ్గనివాళ్లకు ముందుజాగ్రత్తగా పెట్టడం వల్ల మూడు నెలల తర్వాత కోలుకోవడంలో ఏ తేడా కనిపించలేదు. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్‌లో 94 శాతం పైన చూపిస్తున్న మనిషికి మిషన్ పెట్టడం వల్ల లాభం లేదు. పైగా ముక్కుకు గొట్టం పెట్టుకుని మంచానికి అతుక్కుపోతాడు, లేచి కూర్చోవడం తగ్గుతుంది, దాంతో ఊపిరి ఇంకా బలహీనపడుతుంది.

పాత దుమ్ము జబ్బు, చుట్ట తాగిన ఊపిరితిత్తులు ఉన్నవాళ్ల సంగతి ఇంకా సున్నితం. వాళ్లలో కొందరికి ఆక్సిజన్ ఎక్కువైతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మత్తులోకి జారుకుంటారు. అలాంటివాళ్లకు డాక్టర్లు 88 నుంచి 92 మధ్య ఉంచితే చాలంటారు. అంటే ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములకు పక్షవాతం వచ్చినా, ఒకరికి 91 అంటే పరుగెత్తాల్సిన అంకె, మరొకరికి అదే సరైన అంకె. డాక్టరు మీ మనిషికి ఏ అంకె చెప్పాడో మంచం పక్కన గోడ మీద రాసి పెట్టుకోండి.

నిజంగా ఇంట్లో ఆక్సిజన్ కావాలని డాక్టరు రాసిస్తే, తొలి రెండు మూడు నెలలకు కొనడం కంటే అద్దెకు తీసుకోవడం మేలు. చాలామందికి తర్వాత అవసరం ఉండదు. కొన్నా అద్దెకైనా, కరెంటు పోతే ఏం చేయాలో ముందే తేల్చుకోండి. మనది తుపాన్ల తీరం. డిసెంబర్ 2023లో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు కరెంటు లేక ఎంత ఇబ్బంది పడ్డామో గుర్తుండే ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నిండు సిలిండర్ ఒకటి ఇంట్లో ఉండాలి. లేదా తుపాను హెచ్చరిక రాగానే రోగిని టౌనులోని బంధువుల ఇంటికి చేర్చే ఏర్పాటు ఉండాలి.

నెబులైజర్ గురించి ఎక్కువ చెప్పను. ఉబ్బసం, పొగ వల్ల వచ్చిన దీర్ఘకాలపు దగ్గు ఉన్నవాళ్లకు అది మందు. కండరాల బలహీనతకూ, మింగుడు లోపానికీ అది చేసేది లేదు. పక్కింటాయన వాడే మందు మీరూ తెచ్చి పెట్టకండి, కొన్ని మందులు గుండెదడ పెంచుతాయి. న్యుమోనియా రాకుండా ముందుగానే యాంటీబయాటిక్ మాత్రలు వేసుకోవడం కూడా ఇంతే. పెద్ద అధ్యయనాల్లో అది స్ట్రోక్ రోగుల్లో న్యుమోనియాను ఆపలేకపోయింది.

ఊపిరి వ్యాయామాలు: ఏ పరికరం ఎవరికి

మూడు బంతుల స్పైరోమీటర్ మీద ఇక్కడ అందరికీ నమ్మకం. ఏ ఆపరేషన్ అయినా ఇంటికి వెళ్లేటప్పుడు చేతిలో పెడతారు. కొన్ని వందల రూపాయలకే వస్తుంది. దాని ఉపయోగం దానికి ఉంది. పడుకునే ఉండే మనిషిని లేపి కూర్చోబెట్టి, నిదానంగా నిండుగా ఊపిరి తీయిస్తుంది. బంతి లేచినప్పుడు రోగికి ఒక ఉత్సాహం వస్తుంది. కానీ రెండు పరిమితులున్నాయి. చాలామంది దాన్ని ఊదుతారు. అది ఊదేది కాదు, లాగేది. గొట్టం నోట్లో పెట్టుకుని నిదానంగా ఊపిరి లోపలికి లాగి, బంతిని రెండు మూడు సెకన్లు పైన నిలపాలి. ఇక రెండో పరిమితి, అది కండరానికి బరువు పెట్టదు. వెయిట్ లేకుండా చెయ్యి ఎత్తించినంత పనే. ఊపిరి లోతు పెరుగుతుంది కానీ బలం అంతగా పెరగదు.

బలం పెంచేది వేరే పరికరం. ఇన్‌స్పిరేటరీ మజిల్ ట్రైనర్ అంటారు, ఐఎంటీ అని అడిగితే చెబుతారు. అరచేతిలో పట్టే చిన్న గొట్టం. లోపల ఒక స్ప్రింగు ఉంటుంది. దాన్ని ఎంత బిగిస్తే ఊపిరి లాగడానికి అంత బలం పెట్టాలి. మొదట రోగి గరిష్ఠంగా లాగగల బలంలో సుమారు 30 శాతం దగ్గర మొదలుపెట్టి, వారం వారం కొంచెం కొంచెంగా పెంచుతారు. పక్షవాతం రోగుల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన పరిశీలనలో రోజుకు అరగంట, వారానికి 5 రోజులు, 5 వారాలు చేస్తే ఊపిరి కండరాల బలం పెరుగుతుందనీ, ఛాతీ ఇన్ఫెక్షన్ల వంటి ఇబ్బందులు తగ్గుతాయనీ తేలింది. అరగంట ఒక్క ఊపున చేయాల్సిన పని లేదు. పొద్దున పది నిమిషాలు, మధ్యాహ్నం పది, సాయంత్రం పది, మధ్య మధ్యలో విశ్రాంతి. బంతుల పరికరం కంటే ఇది చాలా ఖరీదు, వేలల్లో ఉంటుంది. అయినా ఆక్సిజన్ మిషన్ ధరతో పోలిస్తే చాలా తక్కువ. కండరాల బలహీనతే ప్రధాన కారణమైన మనిషికి, చెప్పింది అర్థం చేసుకుని చేయగలిగితే, నేను ముందు దీన్నే ఎంచుకుంటాను.

ఊపిరి బయటికి వదిలే కండరాలకు కూడా ఇలాంటి పరికరమే వేరుగా ఉంది. దగ్గు సత్తువ లేనివాళ్లకూ, మింగుడు బలహీనంగా ఉన్నవాళ్లకూ అది మేలు చేస్తుంది. రెండు వైపులా పనిచేసే రకాలూ దొరుకుతాయి.

ఇవి ఎవరికి వద్దు? బీపీ అదుపులో లేనివాళ్లు, ఈ మధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, మెదడులో రక్తనాళం ఉబ్బి దానికి ఇంకా చికిత్స కానివాళ్లు, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవాళ్లు, పక్కటెముక విరిగినవాళ్లు డాక్టరు సరేననే దాకా ముట్టుకోకూడదు. మామూలు వాళ్లైనా తల తిరిగితే ఆపి కూర్చోవాలి. పక్షవాతంతో మూతి పక్కకు పోయినవాళ్లకు గొట్టం చుట్టూ పెదాలు అతకవు, గాలి పక్కల నుంచి పోతుంది. అప్పుడు బలహీనంగా ఉన్న వైపు పెదాలను ఇంట్లోవాళ్లు వేళ్లతో సుతారంగా పట్టి ఉంచాలి. అదీ కుదరకపోతే గొట్టం బదులు ముఖానికి అతికే మాస్కు అమర్చుతారు. ఈ చిన్న సంగతి తెలియక "మా ఆయనకు ఇది పనిచేయట్లేదు" అని పరికరాన్ని అటక మీద పెట్టేసిన ఇళ్లు ఎన్నో చూశాను. బాధ కలుగుతుంది.

డబ్బు లేనప్పుడు ఏం చేయాలి? సీసాలో నీళ్లు పోసి గొట్టంతో బుడగలు ఊదించడం, బెలూన్ ఊదించడం చాలామంది చేయిస్తారు. కఫం కదలడానికి బుడగలు ఊదడం కొంత పనికొస్తుంది. కానీ మింగుడు లోపం ఉన్న మనిషి ఊదబోయి పొరపాటున నీళ్లు పీల్చితే అసలుకే మోసం. మింగుడు పరీక్షలో సరేనన్నవాళ్లకు మాత్రమే ఇది. బెలూన్ అయితే బిగబట్టి ఊదుతారు, ముఖం ఎర్రబడుతుంది, బీపీ పెరుగుతుంది. నాకు అది నచ్చదు. దానికంటే ఖర్చే లేని పద్ధతి ఒకటి బాగుంటుంది. వెనక్కి ఆనించి కూర్చోబెట్టి, పొట్ట మీద ఆయన చెయ్యే ఆయన పెట్టుకుని, ముక్కుతో ఊపిరి తీస్తూ పొట్ట పైకి లేవడం చూసుకోవడం, ఆపైన మూతి సున్నాలా చేసి నిదానంగా వదలడం. రోజుకు నాలుగైదు సార్లు, ప్రతిసారీ పదేసి ఊపిరులు.

ప్రాణాయామం గురించి ఎప్పుడూ అడుగుతారు. నిదానంగా చేసే అనులోమ విలోమం మంచిదే, అలవాటున్న పెద్దవాళ్లకు మనసు కూడా కుదుటపడుతుంది. ఊపిరి బిగబట్టే కుంభకం, వేగంగా చేసే కపాలభాతి, భస్త్రిక మాత్రం స్ట్రోక్ తర్వాత వద్దు.

ఏ వ్యాయామమైనా లేచి కూర్చోవడం కంటే గొప్పది కాదు. పడుకున్న మనిషి పొట్ట పైకి నొక్కి డయాఫ్రమ్‌కు చోటు లేకుండా చేస్తుంది. డాక్టరు సరేనన్నాక రోజులో ఎక్కువ భాగం కుర్చీలో కూర్చోబెట్టండి, పక్కన దిండ్లు పెట్టి అయినా సరే. అయితే తొందర కూడా మంచిది కాదు. 2015లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం, స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపే లేపి ఎక్కువగా నడిపించడం మొదలుపెట్టినవాళ్లు మిగతావాళ్ల కంటే తక్కువగా కోలుకున్నారు. తొలి రోజు ఎంత లేపాలో ఆసుపత్రివాళ్లకు వదిలేయండి.

నోటితో తినిపించాలా, ముక్కు గొట్టమా

ఊపిరి గురించి మాట్లాడుతూ తిండి గురించి ఇంత రాయడం కొందరికి వింతగా అనిపించవచ్చు. పక్షవాతం రోగి ఊపిరితిత్తులను కాపాడేది మాత్రం వంటింట్లోని జాగ్రత్తే.

ఆసుపత్రిలో మింగుడు పరీక్ష చేయకుండా నోట్లో నీళ్లు కూడా పోయనివ్వకండి. "ఒక చుక్క కాఫీ అయినా పట్టు తల్లీ" అని చూడటానికి వచ్చిన బంధువులు అంటారు. ప్రేమతోనే అంటారు. అయినా వద్దనాలి. పసరు మందు నోట్లోనో ముక్కులోనో పోయించడం కూడా ఇలాంటిదే, అంతకంటే ప్రమాదం. నూనె కలిసిన మందు ఊపిరితిత్తుల్లోకి దిగితే అక్కడి వాపు తొందరగా తగ్గదు.

పరీక్షలో నోటితో తినవచ్చని తేలితే ఏ రకం తిండి అన్నది తర్వాతి ఎంపిక. పలుచని నీళ్లు, మజ్జిగ, చారు వేగంగా జారుతాయి కాబట్టి అవే ఎక్కువ పొలమారతాయి. చారన్నం, పులుసన్నం ఇంకా కష్టం. మెతుకు నమిలేలోపు చారు గొంతులోకి జారిపోతుంది. మన చేపల పులుసు ఎంత ఇష్టమైనా కొన్నాళ్లు పక్కన పెట్టాలి, ముల్లు సంగతి సరేసరి. మెత్తగా కలిపిన పప్పన్నం, చిక్కటి పెరుగన్నం, చిక్కగా కాచిన రాగిజావ తేలిక. సంకటి మెత్తగానే ఉంటుంది కదా అని ముద్ద మింగిస్తారు, అది జిగురుగా గొంతులో అడ్డం పడుతుంది. జావగా మార్చి ఇవ్వండి. నీళ్లను చిక్కబరిచే పొడులు దొరుకుతాయి. అవి పొలమారడాన్ని తగ్గిస్తాయి కానీ రుచి నచ్చక రోగులు నీళ్లు తాగడం తగ్గించేస్తారు. మన ఎండాకాలంలో, రోహిణి కార్తెలో ఒంట్లో నీళ్లు తగ్గితే కఫం గట్టిపడి ఇంకో చిక్కు. అందుకే ఎంత తాగాడో రోజూ లెక్క చూసుకోవాలి.

తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. చిన్న స్పూను, ఒక ముద్ద మింగాకే రెండోది, టీవీ ఆపేయాలి. గడ్డం కిందికి వంచి మింగడం, తల బలహీనమైన వైపు తిప్పి మింగడం లాంటివి కొందరికి బాగా పనికొస్తాయి, కొందరికి పనికిరావు. స్పీచ్ థెరపిస్టు చూసి చెప్పాకే చేయించాలి. స్పీచ్ థెరపిస్టు మాటకే కాదు, మింగుడుకు కూడా వైద్యం చేస్తారు.

మింగుడు పరీక్ష దాటలేనివాళ్లకు ముక్కు గొట్టం తప్పదు. గొట్టం ఉంటే ఇక న్యుమోనియా రాదని అనుకోవద్దు. లాలాజలం జారుతూనే ఉంటుంది, పడుకోబెట్టి పాలు పోస్తే పైకి ఎగదన్నుతాయి. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచే పోయాలి, పోశాక కూడా అలాగే ఉంచాలి. నెల దాటినా మింగుడు రాకపోతే పొట్టలోకి నేరుగా పెట్టే పెగ్ గొట్టం గురించి డాక్టరుతో మాట్లాడండి. పెగ్ అంటే ఆశ వదులుకోవడం కాదు, మింగుడు తిరిగి వస్తే తీసేస్తారు. తొలి రెండు వారాల్లోనే పెగ్ పెట్టాలని తొందరపడాల్సిన పని లేదు. ముక్కు గొట్టం కంటే దానివల్ల అప్పట్లో అదనపు లాభం కనిపించలేదు.

గొట్టంతో తినేవాళ్ల నోరు కడగరు, తినట్లేదు కదా అని. అదే నోట్లో పెరిగిన క్రిములు లాలాజలంతో ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. పొద్దున, రాత్రి మెత్తటి బ్రష్‌తో పళ్లు, నాలుక, బుగ్గల లోపల శుభ్రం చేయాలి. ఇరవై రూపాయల బ్రష్ చేసే ఈ మేలును ఏ మిషనూ చేయలేదు.

కఫం తీయడం

వీపు మీద గిన్నెలా ముడిచిన చేత్తో తట్టడం అందరికీ తెలిసిన పద్ధతి. కఫం ఎక్కువున్నవాళ్లకు ఉపశమనం ఇస్తుంది, కానీ దగ్గు బలం లేనివాళ్లకు తట్టి వదిలేస్తే కదిలిన కఫం బయటికి రాదు. తలకిందులుగా వంచి తట్టడం మాత్రం స్ట్రోక్ రోగికి అస్సలు వద్దు, తలలో ఒత్తిడి పెరుగుతుంది, పొట్టలోది పైకి వస్తుంది. నాకు నమ్మకమైనది సాయంతో దగ్గించడం. కూర్చోబెట్టి, నిండుగా ఊపిరి తీయించి, "దగ్గు" అన్న క్షణంలోనే పక్కటెముకల కింద రెండు చేతులతో లోపలికీ పైకీ నొక్కడం. ఫిజియో దగ్గర ఒకట్రెండు సార్లు చేసి చూపించుకుంటే ఇంట్లోవాళ్లు నేర్చుకోగలరు. తిన్న వెంటనే చేయకూడదు.

సక్షన్ మిషన్, గొంతుకు గొట్టం ఉన్నవాళ్లకూ దగ్గే రానివాళ్లకూ అవసరం. నర్సు దగ్గర నేర్చుకోకుండా వాడితే లోపలి పొర గాయమవుతుంది. ఒకసారికి పది పదిహేను సెకన్లకు మించి లాగకూడదు. మంచాన ఉన్నవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం కఫానికీ మంచిదే, వీపు పుండ్లకూ మంచిదే.

నిద్రలో ఊపిరి ఆగేవాళ్లు నిద్ర పరీక్ష చేయించుకోవాలి. తక్కువగా ఉంటే వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవడం, తల వైపు ఎత్తు పెట్టుకోవడం, బరువు తగ్గడం చాలు. ఎక్కువైతే మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీపాప్ మిషన్. కొనే ముందు కొన్ని రాత్రులు అద్దెకు పెట్టి చూసుకోండి, మాస్కు పడనివాళ్లు చాలామంది. చేతి బలం లేనివాళ్లు సొంతంగా మాస్కు తీసుకోలేరు కాబట్టి పక్కన ఎవరైనా ఉండాలి. డాక్టరుకు చెప్పకుండా నిద్రమాత్రలు వేయకండి.

ఎక్కడ చేయించుకోవాలి

తొలి వారాలకు నెల్లూరులో పెద్దాసుపత్రి, ఒంగోలులో రిమ్స్ ఉన్నాయి, ప్రైవేటు ఆసుపత్రులూ ఉన్నాయి. ఎక్కడ చేరినా డిశ్చార్జి రోజున మూడు సంగతులు రాయించుకోండి. మింగుడు పరీక్ష ఫలితం, ఆక్సిజన్ ఏ అంకె దగ్గర ఉండాలి, ఊపిరి వ్యాయామం ఏది ఎంతసేపు. ఆ కాగితం లేకుండా ఇంటికి వస్తే తర్వాత వచ్చే ఫిజియో చీకట్లో తడుముకోవాలి. ఏ చికిత్స ఎన్టీఆర్ వైద్య సేవ కిందికి వస్తుందో ఆసుపత్రిలోని వైద్యమిత్రను చేరిన రోజే అడగండి.

గొంతు గొట్టంతో ఉన్నవాళ్లు, మెదడు కాండంలో స్ట్రోక్ వచ్చి ఊపిరే సరిగా నడవనివాళ్లు, మింగుడు నెల దాటినా రానివాళ్లు రీహాబ్ సెంటరులో కొన్ని వారాలు ఉండటం మంచిది. అక్కడ ఫిజియో, స్పీచ్ థెరపిస్టు, డాక్టరు ఒకే చోట ఉంటారు. మన వాళ్లు ఎక్కువగా వెళ్లేది చెన్నైకి, వేలూరుకి. వేలూరు సీఎంసీ వారి రీహాబ్ సంస్థ బాగాయంలో 1966 నుంచి ఉంది. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి మనకు దగ్గర. భాష సులువు, వెంట ఉండేవాళ్లకు ఖర్చు తక్కువ. ఒంగోలు, అద్దంకి వైపువాళ్లకు గుంటూరు అనుకూలం. ఎంత పేరున్న చోటైనా మింగుడు చూసే థెరపిస్టు ఉన్నారా అని ఫోనులో అడిగాకే బయలుదేరండి.

మిగతావాళ్లకు, అంటే ఎక్కువమందికి, ఇల్లే సరైన చోటు. టౌనులో ఉంటే క్లినిక్‌కు తీసుకువెళ్లడం కంటే ఫిజియోను ఇంటికి పిలిపించుకోవడం తొలి నెలలో మేలు, ఆటోలో ఎక్కించి దించే శ్రమతోనే రోగి సగం అలసిపోతాడు. నడక మొదలయ్యాక క్లినిక్‌కు మారవచ్చు. ఉదయగిరి, కనిగిరి, పొదిలి వైపు పల్లెల్లో రోజూ ఫిజియో రావడం కుదరదు. వాళ్లకు నా సలహా, రోజూ వచ్చే మనిషి కోసం వెతకడం మాని, వారానికి ఒకసారి వచ్చి ఇంట్లో ఒకరికి నేర్పి వెళ్లే ఫిజియోను వెతకండి. కోడలికో కొడుకుకో నేర్పడానికి ఇష్టపడని ఫిజియో ఎంత పేరున్నవాడైనా మీకు పనికిరాడు. మధ్యలో అనుమానాలు వస్తే ఊళ్లోని విలేజ్ హెల్త్ క్లినిక్ నుంచి ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో ఉచితంగా మాట్లాడవచ్చు.

ఫిజియోను ఎంచుకునేటప్పుడు ఒక ప్రశ్న అడగండి: "ఛాతీకి ఏం చేయిస్తారు?" కాలుకీ చేతికీ కరెంటు పెట్టి, మసాజ్ చేసి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. ఊపిరి, దగ్గు, కూర్చునే తీరు చూడకుండా మొదలుపెట్టేవాళ్లను మార్చుకోండి.

చేతిలో డబ్బు కొద్దిగానే ఉంటే నేను ఈ వరుసలో ఖర్చు పెట్టమంటాను. ముందు మింగుడు పరీక్ష. తర్వాత మంచి పల్స్ ఆక్సీమీటర్, వెనక్కి ఆనుకునే గట్టి కుర్చీ. ఆ తర్వాత నేర్పే ఫిజియో, ఐఎంటీ పరికరం. ఆక్సిజన్ మిషన్ డాక్టరు రాసిస్తేనే. మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన పక్షవాతం రోగులకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. దానికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కావాలి. ఆ పరీక్షకు స్లాట్ దొరకడానికి సమయం పడుతుంది కాబట్టి, రోగి ఇంటికి వచ్చాక పరిస్థితి స్థిరపడగానే సచివాలయంలో అడగడం మొదలుపెట్టండి.